ముల్లును నమ్మక్కా

ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. నిరుడు ఒకసారి దించుకుందామని పోయాను. సగం దించి, మిగతా సగం మళ్ళీ నెత్తికెత్తుకుని వచ్చాను. ఆ మిగిలిన సగమే అసలు బరువు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలననిపిస్తోంది. నా పేరు రాయను, ఆ ఊరి పేరు కూడా రాయను. కేతేపల్లి దగ్గర ఒక ఊరు అనుకోండి. పేరు దాచుకుని చెప్పేది ఏం ఒప్పుకోలు అని మీరు అడగవచ్చు. నేనూ నన్ను అదే అడిగాను. అయినా రాస్తున్నాను. ఇప్పుడు రాయకపోతే ఇంకో ఎనిమిదేళ్ళు ఇట్లాగే గడిపేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నాది కరెంటు పని. నల్గొండలో ఐటీఐ చదివాను. మోటర్లకు స్టార్టర్ బోర్డులు కట్టడం, పాడైతే బాగుచేయడం. తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ పనికి మంచి గిరాకీ ఉండేది. ఆ ఊళ్ళో కాలువ నుంచి మిట్ట పొలాలకు నీళ్ళు ఎత్తిపోసే లిఫ్టు ఒకటి ఉంది. నలభై హార్స్‌పవర్ మోటరు. దాని కింద అంతా వరి. రైతులే కమిటీ వేసుకుని నడుపుకునేవాళ్ళు. ఆ మోటరు నడిపే ఆపరేటరు యాదమ్మ.

గొర్లు కాసుకునే ఇంటి మనిషి. భర్త ఏడాదిలో సగం రోజులు మందతో ఊళ్ళు తిరిగేవాడు. ఆమె పదో తరగతి దాకా చదివింది, ఇల్లేమో పంపు హౌసుకు పక్కనే. అందుకని కమిటీ ఆమెను పెట్టుకుంది. గంట గంటకూ మీటర్లు చూసి రిజిస్టరులో రాసేది, ఓల్టేజి ఎంత, యాంపులు ఎన్ని అని. స్కేలు పెట్టి గడులు గీసుకునేది. ఏడును ఒకటి అనుకుంటారేమోనని ఏడు నడుముకు చిన్న అడ్డగీత పెట్టేది. కొట్టివేత ఒక్కటి కనిపించేది కాదు. ఆ రిజిస్టరు చూసి నేను లోపల్లోపల సిగ్గుపడేవాణ్ణి, నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది కాబట్టి.

నన్ను తమ్మీ అని పిలిచేది. నేనెప్పుడు పోయినా మజ్జిగ లేకుండా పంపేది కాదు.

ఆ ఏడు వానకాలం మొదట్లో పిడుగు పడి బోర్డులో అమ్మీటరు పోయింది. మోటరు ఎంత కరెంటు లాగుతోందో చూపే మీటరు అది. కమిటీ వాళ్ళు సూర్యాపేట నుంచి ఇంకో మెకానిక్కును పిలిపిద్దామనుకున్నారు. యాదమ్మ ఊరుకోలేదు. "మా తమ్ముడు లేడా? వాని పని సాపుగుంటది, నేను చూసిన గదా" అని వాళ్ళ ముందు నా తరఫున నిలబడింది. ఈ మాట ఆమె నాకు చెప్పలేదు. తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

మీటరు నేనే ఎంచుకున్నాను. పాతదాని మీద అంకెలు రెండు వందల దాకా ఉండేవి. మోటరు లాగేది యాభై ఆరు. ముల్లు ఎప్పుడూ కింది మూలలో, గీతలు ఇరుకిరుకుగా ఉన్నచోట ఆగేది. యాదమ్మ వంగి, కళ్ళు చికిలించి చూడవలసి వచ్చేది. వంద దాకా ఉన్న మీటరు పెడితే ముల్లు నడిమధ్యన నిలుస్తుంది, దూరం నుంచి కూడా చదువుకోవచ్చు. నల్గొండలో దుకాణం ముందు నిలబడి నాలుగు మీటర్లు తీయించాను. ఒక్కొక్కటి అటూ ఇటూ వంచి, ముల్లు మళ్ళీ సున్నా మీదికి సరిగ్గా వస్తోందా లేదా చూశాను. బోర్డులో పాత రంధ్రం కొలత రాసుకుని పోయి, దానికి అతికేదే తెచ్చాను. ఇది చెబితే నా తప్పు తగ్గుతుందని కాదు. నాకే వింతగా ఉంటుంది. ఆమె కళ్ళకు శ్రమ కలగకూడదని అంత ఆలోచించినవాడూ, ఆ తర్వాత అట్లా చేసినవాడూ ఒకడేనా?

ఇక్కడొక సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. పెద్ద మోటరు కరెంటు నేరుగా మీటరులోకి పోదు. లావు తీగ చుట్టూ కడియం లాంటిది ఒకటి ఉంటుంది. సీటీ అంటాం. తీగలో పోయే కరెంటుకు తగ్గట్టు అది మీటరుకు చిన్న వాటా పంపుతుంది. కడియమూ మీటరూ జత కుదరాలి. రెండు వందల కడియానికి రెండు వందల మీటరు, వంద కడియానికి వంద మీటరు. రెండు వందల కడియం అట్లాగే ఉంచి వంద మీటరు పెడితే, ముల్లు ఉన్నదాంట్లో సగమే చూపిస్తుంది.

ఇది తెలియక కాదు. తెలుసు. అందుకే మీటరుతో పాటు వంద కడియం కూడా కొనుక్కుని పోయాను.

మీటరు బిగించడం అరగంటలో అయిపోయింది. పాత కడియం తీయాలంటే లావు తీగ కొసన ఉన్న బోల్టు విప్పాలి. అది తుప్పు పట్టి ఉంది. పానా జారి రెండుసార్లు నా వేళ్ళు బోర్డుకు కొట్టుకున్నాయి. బయట రైతులు గుమిగూడి ఉన్నారు. నీళ్ళు ఆగి మూడు రోజులైంది, నాట్లు మీదున్నాయి. కమిటీ ప్రెసిడెంటు తలుపు దగ్గర నిలబడి "ఎంతసేపయ్యా?" అన్నాడు.

"అయిపోయింది" అన్నాను.

కొత్త కడియాన్ని సంచిలో వేసుకున్నాను. రేపో ఎల్లుండో కరెంటు లేని గంట చూసి వచ్చి మార్చేద్దామనుకున్నాను. మోటరు వేశారు. ముల్లు లేచి ఇరవై ఎనిమిది దగ్గర నిలబడింది. ప్రెసిడెంటు చూసింది ముల్లు లేచిందా లేదా అన్నదే, అంకె ఆయనకు పట్టలేదు. నా భుజం తట్టి, పై మిట్ట మీద ఇంకో లిఫ్టు వేస్తున్నాం, దాని బోర్డు కూడా నువ్వే కట్టాలి అన్నాడు. నేను గాజు మీద అరవై దగ్గర ఎర్ర రంగుతో చిన్న గీత పెట్టి, ముల్లు ఇది దాటితే మోటరు ఆపెయ్యమని యాదమ్మకు చెప్పాను. ఆ గీత రేపు మార్చబోయే కడియానికి సరిపోయే గీత. ఆ రోజుకు అది అబద్ధపు గీత. మామూలుగా అయితే లోడు ఎక్కువైతే తనంతట తానే మోటరును ఆపే రిలే ఉంటుంది. మాటిమాటికీ మోటరును ఆపేస్తోందని కమిటీ వాళ్ళు దాన్ని ఎప్పుడో తప్పించి డైరెక్టు చేయించుకున్నారు. ఇక మోటరుకు కాపలా ఆ ముల్లూ, యాదమ్మ కళ్ళూ మాత్రమే.

"ఇవాళ్టికి ముల్లు సగమే చూపిస్తది, రెండింతలు చేసి రాసుకో అక్కా." ఇంతే కదా నేను చెప్పవలసింది? ఎందుకు చెప్పలేదు? భయమా? ఎవరికి భయపడాలి? రెండు రోజుల్లో చేస్తానంటే ప్రెసిడెంటు ఒక విసురు విసిరేవాడు, అంతే. భయం కాదు. అయిపోయింది అన్న నోటితోనే కాలేదు అనడానికి సిగ్గు. ఒక మనిషి బతుకును ముంచడానికి అంత చిన్న సిగ్గు చాలునని నాకు అప్పటికి తెలియదు.

మూడో రోజు అటువైపు వేరే పని మీద పోతుంటే యాదమ్మ కేకేసి పిలిచింది. ప్రెసిడెంటూ ఇంకో ఇద్దరు రైతులూ గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆమె రిజిస్టరు తెచ్చి నా ముందు పరిచింది.

"తమ్మీ, గిది జర చూడు. పాత మీటరుకు యాభయ్యారు రాస్తుంటి. నువ్వు బిగించిన్నాటి సంది ఇరవై ఎనిమిది. ఇయ్యాల ముప్పై ఒకటి. మరి మోటరేమో మస్తు కాల్తాంది. చెయ్యి వెట్టి అయిదు లెక్కవెట్టేలోపల్నే తీసేసిన."

నా మనసు వెంటనే లెక్క కట్టింది. ముప్పై ఒకటంటే అరవై రెండు. మోటరు పలక మీద రాసి ఉన్న హద్దు దాటింది. బేరింగు పట్టేస్తోందో, పంపులో ఏదైనా ఇరుక్కుందో. ఆపి చూడాలి. ఇదంతా ఒక్క క్షణంలో తెలిసింది. గట్టు మీది ముగ్గురూ మా వైపే చూస్తున్నారు.

"కొత్త మీటరక్కా, దీని లెక్క వేరే ఉంటది" అన్నాను.

"అట్లనా? నాకైతే చేతికి అగుపడుతున్నది ఒకటి, కంటికి అగుపడుతున్నది ఒకటి. దేన్ని నమ్మాలె?"

"చేతికేం తెలుస్తది? ముల్లును నమ్మక్కా. ఎర్రగీత దాటకుంటే ఫికర్ వెట్టుకోకు."

ఆమె తలూపింది. నమ్మింది. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని, మజ్జిగ తెస్తానుండు అంది. తెచ్చింది. తాగాను.

ఆ వారమంతా నల్గొండలో ఒక ఫంక్షన్ హాలు పని. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. సంచి ఎత్తినప్పుడల్లా అడుగున కడియం పానాలకు తగిలి చప్పుడయ్యేది. పదో రోజు మధ్యాహ్నం యాదమ్మ ఫోను చేసింది. పొగ వస్తోందని, మోటరు ఆపేశానని, తొందరగా రమ్మని. ఆ రోజు వేరే పని మీద కేతేపల్లిలోనే ఉన్నాను కాబట్టి అందరికన్నా ముందు నేనే చేరాను. వైండింగు కాలిన వాసన కాలువ గట్టు దాకా వచ్చింది. ఆమె చెమటలు కక్కుతూ తలుపు దగ్గర నిలబడి ఉంది. "నలభై రెండే ఉండె తమ్మీ, గీత దాటనే లేదు" అంది. ఆ మాటే రెండుసార్లు అంది. నన్ను అక్కడ ఉండమని చెప్పి, కమిటీ వాళ్ళను పిలవడానికి ఊళ్ళోకి పరుగెత్తింది.

నేనొక్కణ్ణే మిగిలాను.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని పొరపాటు అన్నా, నిర్లక్ష్యం అన్నా నేను కాదనను. ఇకమీద చెప్పబోయేదానికి ఆ పేర్లు సరిపోవు. మెయిను ఆపాను. బోర్డు తెరిచాను. బోల్టు మీద కాస్త కిరోసిన్ పోసి, సుత్తితో రెండు దెబ్బలు వేశాను. పానా పెట్టి తిప్పితే తిరిగింది. మీటరు బిగించిన రోజు తిరగని బోల్టు ఇప్పుడు తిరిగింది. పాత కడియం తీసి కొత్తది ఎక్కించాను. పాతదాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. మొత్తం పది నిమిషాలు పట్టింది. పది నిమిషాల పని పది రోజులు చేయనివాణ్ణి, అప్పుడు మాత్రం చేశాను. చేస్తున్నప్పుడు యాదమ్మ గురించి ఆలోచించానా? లేదు. నిజం చెబుతున్నాను, ఆమె నాకు గుర్తే రాలేదు. నేను తప్పించుకోవాలి, అంతే ఉంది మనసులో. దానివల్ల ఆ రిజిస్టరు ఏమవుతుందో నాకు తట్టలేదు.

మరునాడు కమిటీ వాళ్ళు ఒక ఇంజనీరును పిలిపించారు. ఊరు ఊరంతా పంపు హౌసు ముందు చేరింది. ఆయన బోర్డు చూశాడు. వంద కడియం, వంద మీటరు, జత సరిగ్గా ఉంది. ఆ తర్వాత రిజిస్టరు తెరిచాడు. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి, ముప్పై నాలుగు. పేజీ తర్వాత పేజీ, స్కేలు పెట్టి గీసిన గడుల్లో.

"నలభై హెచ్‌పీ మోటరు ఇరవై ఎనిమిదికి నీళ్ళెట్ల ఎత్తుతది? గిది మీటరు చూసి రాసింది కాదు. ఇంట్ల కూసోని రాసింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు బిగించిన్నాడు ఎంత చూపెట్టిందయ్యా?"

"యాభయ్యారు సార్" అన్నాను.

యాదమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. కోపంగా లేదు. నేనేదో మరిచిపోయి అన్నాననుకుంది. "కాదు తమ్మీ, ఇరవై ఎనిమిదే ఉండె. నేను చూసిందే రాసిన. మూడొద్దులకు నీకు చూపెట్టిన గదా, ముల్లును నమ్మమంటివి గదా. చెప్పు సారుకు."

నేను నేల వైపు చూశాను.

"నాకు యాదికి లేదక్కా."

ఆమె ముఖం అప్పుడు ఎట్లా మారిందో చెప్పడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను, నాకు నేనే. ఏడవలేదు. తిట్టలేదు. గట్టు మీద కూర్చున్న ముగ్గురూ ఆనాడు మా మాటలు వినలేదు, దూరంగా ఉన్నారు. వాళ్ళ వైపు ఒకసారి చూసింది, వాళ్ళు తల అడ్డంగా ఊపారు. మళ్ళీ నా వైపు చూసింది. తోబుట్టువు అనుకున్నవాడు కళ్ళ ముందే పరాయివాడైపోతే మనిషి అట్లా చూస్తుంది కాబోలు. తర్వాత ఇంజనీరు చేతిలోని రిజిస్టరు తీసుకుని, మూసి, దాని మీద పెన్ను పెట్టి, ప్రెసిడెంటు ముందు ఉంచి ఇంటికి వెళ్ళిపోయింది.

మోటరు వైండింగై వచ్చేసరికి పన్నెండు రోజులు. అప్పటికే చాలా మళ్ళు నెర్రెలు విచ్చాయి. కొందరి నాట్లు పూర్తిగా పోయాయి. మోటరు మళ్ళీ వేసిన రోజు ముల్లు యాభై ఐదు దగ్గర నిలబడింది. అందరూ వంగి వంగి చూశారు. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. దొంగరాతల యాదమ్మ అని పేరు పెట్టారు. ఆమె బిడ్డ బడికి పోతుంటే కూడా అదే మాట వెనక నుంచి వినబడేదట. నాట్లు పోయిన రైతుల ఇళ్ళవాళ్ళు ఆమెను బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోనీయలేదని విన్నాను. భర్త మందతో తిరిగి వచ్చాడు, నెల తిరగకముందే ఇల్లు తాళం పెట్టి అందరూ మహబూబ్‌నగర్ వైపు వెళ్ళిపోయారు.

పై మిట్ట లిఫ్టుకు బోర్డు నేనే కట్టాను. అవును, కట్టాను. బాగా కట్టాను కూడా.

ఆ తర్వాత మోటర్ల పని నా వల్ల కాలేదు. ముల్లు లేస్తుంటే చూడలేకపోయేవాణ్ణి. డ్యాం పక్కనున్న నందికొండకు మకాం మార్చాను. ఇళ్ళ వైరింగు, ఫ్యాన్లు, గీజర్లు చేసుకుంటున్నాను. నా భార్యకు కూడా ఈ సంగతి తెలియదు. డ్యాం చూడటానికి వచ్చినవాళ్ళలో యాదమ్మ కట్టుకునేలాంటి ఎర్రంచు చీరలో ఎవరైనా కనబడితే ఆమేనేమోనని గోడ చాటుకు తప్పుకున్న రోజులున్నాయి.

నిరుడు మందతో ఇటు వచ్చిన ఒకాయన ద్వారా ఆమె ఉండే ఊరు తెలిసింది. బస్సెక్కి పోయాను. రేకుల ఇల్లు, ముందు గొర్ల దొడ్డి. ఆమె గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నిలబడే చెప్పాను. "అక్కా, ఆనాడు మీటరు తప్పు చూపెట్టింది. నా పొరపాటే. నువ్వు రాసింది నిజమే."

పిల్ల పాలు తాగడం అయ్యాక ఆమె సీసా పక్కన పెట్టింది.

"నేను రాసింది నిజమని నాకు ఎర్కనే. నాకు చెప్పనీకి ఇంతదూరం వస్తివా? ఎర్కలేనోళ్ళకు చెప్పాలె" అంది. తర్వాత నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఒక్కటి చెప్పు. నువ్వు బిగించిన మీటరు తప్పయితే, ఇంజనీరు సారు చూసిన్నాడు సరిగ్గ ఎట్లయింది? ఏడేండ్ల సంది గదే సోంచాయిస్తున్న. నా కండ్లే తప్పు చూసినయా అని ఒక్కోపారి నా మీదనే నాకు అనుమానమొస్తది."

ఆమె తన కళ్ళనే అనుమానించింది. ఏడేళ్ళు. జవాబు నా నోటి దాకా వచ్చింది.

"తెల్వదక్కా" అన్నాను.

అంతలో ఆమెకు ఫోను వచ్చింది. గొర్ల డాక్టరుదో ఎవరిదో నంబరు రాసుకోవాలి. పెన్ను ఆమె చేతికందే చోట గూట్లోనే ఉంది. లోపల ఉన్న బిడ్డను పిలిచి "నువ్వు రాయి" అంది. నన్ను బయటిదాకా సాగనంపుతూ ఆ పిల్ల చెప్పింది. అమ్మ రాసుడు బంద్ చేసిందట. సంతకం పెట్టవలసి వస్తే వేలిముద్ర వేస్తుందట.

తిరుగు బస్సులో నాకు అర్థమైంది, నేను ఒప్పుకోవడానికి పోలేదని. నా నేరానికి పొరపాటు అని పేరు పెట్టి, దానికి ఆమె చేత ముద్ర వేయించుకోవడానికి పోయానని. మొదటిసారి ఆమెను ఊరి ముందు మోసం చేశాను. రెండోసారి ఆమె ఇంటి ముందే.

ఆమె నన్ను క్షమించాలని అడగను. ఆ ఊరివాళ్ళు ఇది విని ఏమంటారో తెలియదు. పాత ముచ్చట ఇప్పుడెందుకంటారేమో. చెయ్యి చేసుకుంటారేమో. ఏదైనా నాకు రావలసిందే. ఈ కాగితాలకు రెండు నకళ్ళు రాశాను. ఒకటి ఆమె బిడ్డ పేరున, ఒకటి కమిటీకి. వాటి కింద నా పేరూ ఇంటిపేరూ ఉన్నాయి. మీకిచ్చిన కాగితం మీదే లేవు. ఇవాళ పొద్దున రెండూ పోస్టులో వేసి వచ్చాను. డబ్బాలో పడిన చప్పుడు విన్నాక కాసేపు అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. సంతోషం కాదు. ఊపిరి మాత్రం పూర్తిగా తీసుకోగలిగాను.

ఆమె అడిగినదానికి ఉత్తరంలో రాసిన జవాబు ఇదీ:

అక్కా, నీ కండ్లు తప్పు చూడలే. నువ్వు ఊళ్ళెకు ఉరికినంక, ఆ పది నిమిషాలల్ల, కడియం నేనే మార్చిన.